కొలెస్టరాల్‌కు పేరు పెట్టిన శతాధిక వృద్ధుడు షెవ్రెల్

మన సంఘం ప్రత్యేక సంచికలలో మహనీయుల జీవితాలను స్మరించుకోవడం ఆనవాయితీ. సాధారణంగా దేశనాయకులనో, సంఘ సంస్కర్తలనో, కవులనో ఎన్నుకుంటాం. ఈసారి నేను ఒక ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుని గురించి రాయదలచుకున్నాను. ఆయన పేరు మిషెల్ యూజీన్ షెవ్రెల్. ఆయన కాలంలో యూరప్‌లో చదువుకున్నవారికి ఆ పేరు బాగా తెలుసు. మనవైపు అంతగా వినపడకపోయినా, మనం ఆరు నెలలకోసారి చేయించుకునే రక్తపరీక్షల రిపోర్టులో ఆయన చేతి పని వరుస వరుసలోనూ ఉంది. కొలెస్టరాల్ అనే మాటకు మూలపురుషుడు ఆయనే. పైగా ఆ పేరు పెట్టిన మనిషి నూట రెండేళ్లు నిండుగా బతికాడు. పెన్షనర్లకు ఇంతకంటే ఇష్టమైన కథానాయకుడు ఎక్కడ దొరుకుతాడు?

ఆయన్ను ఎన్నుకోవడానికి మరో కారణం కూడా ఉంది. మన నెలవారీ సమావేశాలలో నలుగురు కూర్చున్నప్పుడు తరచుగా వినపడే ప్రశ్న ఒకటుంది. కొలెస్టరాల్ తగ్గడానికి మాత్ర వేసుకునేవాళ్లు పండ్లరసాలు తాగవచ్చునా, కూడదా? కొందరు భయపడి బత్తాయిని కూడా మానేశారు. కొందరు పండ్లరసం అమృతంతో సమానమనీ, దానివల్ల కీడు ఎలా వస్తుందనీ వాదిస్తారు. నేను డాక్టరును కాను. చదివి తెలుసుకున్నది మాత్రమే రాస్తున్నాను. ఈ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి షెవ్రెల్ జీవితంలోనే దొరుకుతుందని నాకు అనిపించింది.

బాల్యం, విద్యాభ్యాసం

షెవ్రెల్ 1786 ఆగస్టు 31న పడమటి ఫ్రాన్సులోని ఆంజే పట్టణంలో పుట్టారు. తండ్రి పేరుపొందిన వైద్యుడు, అక్కడి వైద్య విద్యాలయంలో అధ్యాపకుడు. తల్లిదండ్రులిద్దరూ తొంభై ఏళ్లు దాటి బతికినవారే. కనుక దీర్ఘాయువు ఆయనకు కొంత వంశపారంపర్యంగా వచ్చిందనుకోవాలి. ఆయనకు మూడేళ్లు నిండకముందే ఫ్రెంచి విప్లవం వచ్చింది. ఆ అల్లకల్లోలంలో చిన్ననాటి చదువు ఇంటివద్దనే సాగింది.

1803లో, పదిహేడేళ్ల వయసులో, పారిస్ చేరి వోక్లెన్ అనే మహా రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో శిష్యుడయ్యారు. క్రోమియం లోహాన్ని కనిపెట్టినది ఈ వోక్లెన్ గారే. మన రిపోర్టులో కనపడే యూరియాను 1799లో ఫుర్‌క్రుయా అనే శాస్త్రజ్ఞునితో కలిసి పరిశోధించి, ఆ పేరు పెట్టినది కూడా ఆయనే. గురువుకు తగిన శిష్యుడు దొరికాడు. 1830లో గురువుగారి తరువాత పారిస్‌లోని ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో రసాయన శాస్త్ర ఆచార్య పదవి షెవ్రెల్‌కే దక్కింది.

కొవ్వుల గుట్టు విప్పిన వైనం

1811లో పంది కొవ్వుతో చేసిన మెత్తని సబ్బు ఒకటి ఆయన దగ్గరకు పరీక్షకు వచ్చింది. దాన్ని నీళ్లలో కరిగిస్తే ముత్యాల మెరుపుతో ఒక పదార్థం విడిపోయింది. ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవారేమో. షెవ్రెల్ దానిని పట్టుకుని పన్నెండేళ్లు పనిచేశారు. నూనె గాని, వెన్న గాని, పశువుల కొవ్వు గాని, ఇవన్నీ కొన్ని ఆమ్లాలు గ్లిజరిన్‌తో కలిసి ఏర్పడినవేననీ, క్షారం తగిలితే ఆ జంట విడిపోయి ఆమ్లం సబ్బుగా మారుతుందనీ నిరూపించారు. గ్లిజరిన్ అనే పేరు ఆయన పెట్టినదే. 1823లో ఈ పరిశోధనలన్నీ పుస్తకంగా వచ్చాయి. ఇవాళ మన రిపోర్టులో ట్రైగ్లిసరైడ్స్ అని రాసేది ఈ ఆమ్లాలు, గ్లిజరిన్ కలిసిన కొవ్వునే.

ఈ పనిలో భాగంగానే ఆయన పిత్తాశయంలో ఏర్పడే రాళ్లను పరీక్షించారు. ఆ రాళ్లలో తెల్లని మైనం వంటి పదార్థం ఉందని అంతకుముందే తెలుసు. అది కూడా ఒకరకం కొవ్వేనని పెద్దలు అనుకునేవారు. షెవ్రెల్ దానిని క్షారంతో ఎంతసేపు మరిగించినా సబ్బు కాలేదు. సబ్బు కానిది కొవ్వెలా అవుతుంది? కనుక ఇది వేరే పదార్థమని తేల్చి, 1815-16 సంవత్సరాలలో దానికి కొలెస్టరిన్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో పిత్తానికీ, గట్టిదనానికీ ఉన్న రెండు మాటలను కలిపి చేసిన పేరది. అది ఆల్కహాలు జాతికి చెందిన పదార్థమని 1859లో బెర్తెలో అనే శాస్త్రజ్ఞుడు చూపాక, క్రమంగా కొలెస్టరాల్ అయింది.

మధుమేహ రోగుల మూత్రంలో ఉండే చక్కెర ద్రాక్షపండులోని చక్కెర ఒకటేనని 1815లో నిరూపించినది కూడా షెవ్రెలే. మనం గ్లూకోజ్ అంటున్నది దానినే. 1832లో మాంసం ఉడికించిన నీటినుంచి క్రియాటిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి డాక్టర్లు చూసే క్రియాటినిన్ దాని నుంచి వచ్చేదే. షుగరు, కొలెస్టరాల్, ట్రైగ్లిసరైడ్స్, క్రియాటినిన్ - మన రిపోర్టులో నాలుగు వరుసలు ఒక్క మనిషి బల్లమీద నుంచి నడిచి వచ్చాయి. ఇది నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించిన విషయం.

కొవ్వు పరిశోధన వల్ల లోకానికి మరో మేలు కూడా జరిగింది. ఆ రోజుల్లో సామాన్యులు పశువుల కొవ్వుతో చేసిన కొవ్వొత్తులు వెలిగించుకునేవారు. అవి పొగ చిమ్మేవి, వాసన వేసేవి. కొవ్వులోని స్టియరిక్ ఆమ్లంతో చేస్తే కొవ్వొత్తి గట్టిగా ఉండి తెల్లగా వెలుగుతుందని 1825లో షెవ్రెల్, గే-లుసాక్ కలిసి పేటెంటు తీసుకున్నారు. వ్యాపారం మాత్రం వారికి అబ్బలేదు. తరువాత వచ్చినవారు దానిని మెరుగుపరచి బాగుపడ్డారు. షెవ్రెల్ దానికి విచారించకుండా ప్రయోగశాలకు తిరిగి వెళ్లిపోయారు.

పక్కనున్నదాని ప్రభావం

1824లో పారిస్‌లోని గోబ్లెన్ అనే ప్రభుత్వ కార్ఖానాలో అద్దకం శాఖకు ఆయన్ను డైరెక్టరుగా నియమించారు. రాజభవనాలకు కావలసిన బొమ్మల తెరలు నేసే చోటు అది. చేరగానే ఒక ఫిర్యాదు ఎదురైంది. నీలం, ఊదా రంగుల మధ్య నేసిన నలుపు దారం వెలవెలబోతున్నదనీ, అద్దకంలో లోపముందనీ నేతవారి మొర. షెవ్రెల్ ఇతర చోట్ల అద్దిన నల్ల ఉన్ని తెప్పించి పోల్చి చూశారు. గోబ్లెన్ నలుపు దేనికీ తీసిపోలేదు. మరి లోపం ఎక్కడ? విడిగా చూస్తే నిక్షేపంలాంటి నలుపు, నీలం పక్కన పెట్టేసరికి వెలిసినట్టు కనపడుతోంది. దారంలో దోషం లేదు, దాని పక్కన ఏమున్నదనే దానిలోనే ఉంది గుట్టంతా.

చీరల దుకాణంలో ఒకే ఎరుపు అంచు పసుపు చీర మీద ఒకలాగా, ఆకుపచ్చ చీర మీద మరోలాగా కనపడటం మన ఇళ్లలో ఆడవారికి తెలిసిన సంగతే. దానికి శాస్త్రీయమైన సూత్రాన్ని చెప్పినవారు షెవ్రెల్. 1839లో వెలువడిన ఆ గ్రంథాన్ని చిత్రకారులు శ్రద్ధగా చదివారు. చుక్కలు చుక్కలుగా రంగులు పక్కపక్కన పెట్టి బొమ్మలు వేసిన జార్జ్ స్యూరా వంటివారికి అది దారి చూపింది. ఒక వస్తువు గుణం తెలియాలంటే దాన్ని ఒంటరిగా చూస్తే చాలదు, దాని పక్కన ఏముందో కూడా చూడాలన్న ఈ పాఠాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. మన మందుల విషయంలో ఇది మళ్లీ అక్కరకు వస్తుంది.

ఆయన పరీక్షా పద్ధతికి ఇంకొక ఉదాహరణ చెబుతాను. దారానికి ఉంగరం వంటి బరువు కట్టి కొన్ని వస్తువుల మీద పట్టుకుంటే అది తనంతట తానే ఊగుతుందనీ, అందులో ఏదో గూఢశక్తి ఉందనీ ఆ రోజుల్లో పెద్ద పెద్దవాళ్లే నమ్మేవారు. షెవ్రెల్ దానిని ఎగతాళి చేయలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. తానే పట్టుకుని చూశారు. పాదరసం మీద పట్టుకుంటే నిజంగానే ఊగింది! అప్పుడు కళ్లకు గంత కట్టించుకుని మళ్లీ పట్టుకున్నారు. ఊగడం ఆగిపోయింది. అంటే, ఊగుతుందని కన్ను ఎదురుచూసినందువల్ల చేయి తనకు తెలియకుండానే దానిని కదిలించిందన్నమాట. ఈ సంగతి వివరిస్తూ 1833లో ఆంపియర్ మహాశయునికి రాసిన లేఖ ప్రసిద్ధమైంది. మనసులోని ఆశ మన కంటిని మోసం చేయకుండా పరీక్ష జరపాలన్న నియమం నేటి మందుల పరీక్షలకు ప్రాణం వంటిది.

విశ్రాంతి ఎరుగని వార్ధక్యం

1826లో ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యత్వం, 1857లో లండన్ రాయల్ సొసైటీ వారి కోప్లే పతకం ఆయనను వరించాయి. 1862లో భార్య కాలం చేశారు. ఆ తరువాత ఆయనకు పరిశోధనాలయమే ఇల్లయింది. మ్యూజియం డైరెక్టరు బాధ్యత చేపట్టేనాటికి ఆయనకు డెబ్భై ఏడేళ్లు. 1870-71లో జర్మన్ సేనలు పారిస్‌ను ముట్టడించినప్పుడు ఊరు వదిలి వెళ్లలేదు. మ్యూజియం మీద ఫిరంగి గుండ్లు పడితే ఎనభై నాలుగేళ్ల వయసులో లిఖితపూర్వకంగా నిరసన తెలిపారు. డైరెక్టరు పదవి నుంచి 1879లో తప్పుకున్నారు. అప్పటికి తొంభై రెండేళ్లు దాటాయి! ఆచార్యుడిగా మాత్రం కొనసాగారు. మనమైతే యాభై ఎనిమిదికో అరవైకో బయటికి వచ్చి, ఇక చేయవలసిందేముందని అనుకుంటాం. ఆయన మాత్రం తనను ఫ్రాన్సు విద్యార్థులందరిలో పెద్దవానిగా చెప్పుకొని మురిసిపోయేవారు.

ద్రాక్షసారాకు పేరుపడ్డ ప్రాంతంలో పుట్టినా ఆయన మంచినీళ్లు తప్ప తాగేవారు కారు. మితభోజనం, వేళ తప్పని పని ఆయన అలవాట్లు.

1886లో నూరేళ్ల పుట్టినరోజును ఫ్రాన్సు దేశం పండుగలా జరిపింది. బంగారు పతకం చేయించారు, రాత్రి కాగడాలతో ఊరేగింపు తీశారు. ఆ సందర్భంగా ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు నదార్ ఆయనతో సంభాషిస్తుండగా నదార్ కుమారుడు వరుసగా ఫోటోలు తీశాడు. ఫోటోలతో పత్రికలో అచ్చయిన మొట్టమొదటి ఇంటర్వ్యూ అదేనంటారు. 1889 మార్చి 31న ఈఫిల్ టవర్ ప్రారంభమైంది. దాని మీద పేర్లు చెక్కిన 72 మంది ఫ్రెంచి ప్రముఖులలో షెవ్రెల్ ఒకరు. ఆ తరువాత తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 9న, ఆయన పరమపదించారు. రాజుల కాలంలో పుట్టి, విప్లవాన్నీ, నెపోలియన్‌నూ, మూడు రిపబ్లిక్కులనూ చూసిన జీవితం ముగిసింది.

ఆయన పేరు పెట్టిన పదార్థం కథ

కొలెస్టరాల్ కథ మాత్రం ఆయనతో ముగియలేదు. 1913లో రష్యాలో అనిచ్కోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి, వాటి రక్తనాళాల గోడలలో అది పేరుకోవడం చూపాడు. 1970 దశకంలో జపాన్‌లో అకిరా ఎండో వేలాది బూజులను పరీక్షించి, కాలేయంలో కొలెస్టరాల్ తయారీని అడ్డుకునే పదార్థాన్ని కనిపెట్టాడు. ఆ దారిలో వచ్చినవే స్టాటిన్ మందులు. మొదటి స్టాటిన్ అయిన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించింది. గుండెపోటు, పక్షవాతం ముప్పును ఇవి తగ్గిస్తాయని పెద్ద పెద్ద పరీక్షలలో రుజువైంది. మన సభ్యులలో ఎంతోమంది రాత్రి భోజనం తరువాత వేసుకునే మాత్ర ఇదే కుటుంబానికి చెందినది.

ఇక పండ్లరసం సంగతి. ఇది అనుకోకుండా బయటపడింది. కెనడాలోని లండన్ అనే నగరంలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందు మీద మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తున్నారు. ఎవరికి మద్యం ఇచ్చారో ఎవరికి ఇవ్వలేదో తాగేవారికి తెలియకూడదు. షెవ్రెల్ కళ్లకు గంత కట్టుకున్నాడే, అదే నియమం. మద్యం రుచి తెలియకుండా ఉండటానికి గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. తీరా చూస్తే మద్యం తాగినవారిలోనూ, తాగనివారిలోనూ రక్తంలో మందు ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది. తప్పు మందుదీ కాదు, మద్యానిదీ కాదు, పక్కనున్న రసానిది! ఈ సంగతి 1989లో ప్రచురితమైంది. 1991లో నారింజ రసంతో పోల్చి చూసినప్పుడు నారింజకు ఆ గుణం లేదని కూడా తేలింది. గోబ్లెన్ కార్ఖానాలో నలుపు దారం కథ చదివినవారికి ఇందులో పోలిక కనపడక మానదు.

దీనికి కారణం ఇది. మన చిన్నప్రేగు గోడలో కొన్ని మందులను రక్తంలోకి చేరకముందే విరగగొట్టే ఎంజైము ఒకటుంది. అది ద్వారపాలకుడి వంటిది. మాత్రలో కొంత భాగం దాని చేతిలో పోతుందని లెక్కవేసే మోతాదు నిర్ణయిస్తారు. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు ఆ ఎంజైమును పనిచేయకుండా చేస్తాయి. అప్పుడు మందు ఎక్కువగా రక్తంలో చేరుతుంది. ఒక్క మాత్ర వేసుకున్నా కొన్ని మాత్రలు వేసుకున్నంత పని అవుతుంది. కొత్త ఎంజైము తయారయ్యేదాకా, అంటే ఒక రోజు నుంచి మూడు రోజుల వరకు, ఆ ప్రభావం ఉండవచ్చు. కనుక పొద్దున రసం, రాత్రి మాత్ర అని వేళలు మార్చుకున్నంత మాత్రాన పూర్తి రక్షణ ఉందనుకోరాదు.

స్టాటిన్ రక్తంలో మితిమీరితే కండరాలు దెబ్బతినవచ్చు. ఇది అరుదే గాని, వస్తే ప్రమాదం. కారణం లేకుండా కండరాల నొప్పులు, నీరసం, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో రావడం దీని లక్షణాలు. అలా చెడిన కండరాల పదార్థం మూత్రపిండాలను కూడా పాడుచేస్తుంది. ఈ లక్షణాలు కనపడితే ఆలస్యం చేయకుండా డాక్టరును చూడాలి.

ఏ మందుకు, ఏ పండు?

అన్ని స్టాటిన్లూ ఒకటి కావు. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ వేసుకునేవారు గ్రేప్‌ఫ్రూట్‌ను పూర్తిగా మానుకోవడమే క్షేమం. అటోర్వాస్టాటిన్ మీద ప్రభావం తక్కువ. రోజుకు లీటరుకు పైగా తాగితే చిక్కని దాని వివరపత్రంలో హెచ్చరిక ఉంటుంది. రోసువాస్టాటిన్, ప్రవాస్టాటిన్ ఈ ఎంజైము మీద ఆధారపడవు గనుక వాటికి ఈ ఇబ్బంది లేదు. మన దేశంలో డాక్టర్లు ఎక్కువగా రాసేవి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్లే గనుక మనలో చాలామందికి కంగారు అక్కరలేదు. అయినా మాత్రల అట్టమీద కంపెనీ పెట్టిన పేరు కాక, దాని కింద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరు చదివి ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం మంచిది.

గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్షపండు కాదు. పేరు చూసి పొరబడి ద్రాక్ష మానేసినవారు ఉన్నారు. ఇది నిమ్మ జాతి పండు. 18వ శతాబ్దంలో వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవిలో పంపరపనసకూ, తీపి నారింజకూ సంకరంగా పుట్టింది. గుత్తులుగా కాస్తుంది గనుక ఆ పేరు వచ్చిందంటారు. మన బజారులో అరుదు గాని, అమెరికాలో పొద్దుటి ఫలహారంతో తాగే రసాలలో అదొకటి. పిల్లల దగ్గరకు ఆరు నెలలకు సరిపడా మాత్రలు కట్టుకుని వెళ్లే మన సభ్యులూ, అక్కడ వారికి ప్రేమతో గ్లాసు అందించే కోడళ్లూ, కూతుళ్లూ ఈ సంగతి ముఖ్యంగా గమనించాలి. దానికి తల్లి అయిన పంపరపనసలోనూ ఈ పదార్థాలు ఉన్నాయి. ఇది మన కోస్తా జిల్లాల పెరళ్లలో కాసేదే. మార్మలేడ్ చేసే పుల్ల నారింజ కూడా అదే కోవకు చెందుతుంది. తీపి నారింజ జాతికి చెందిన మన బత్తాయికీ, కమలాకూ ఈ దోషం అంటగట్టనక్కరలేదు. అయితే షుగరు ఉన్నవారికి ఏ రసమైనా చక్కెర నీళ్లే గనుక, రసం కంటే పండు, అదీ మితంగా, మేలు.

పండు ఒక్కటే కాదు, పక్కన వేసుకునే మందు కూడా ఇదే పని చేయవచ్చు. దగ్గుకో, గొంతునొప్పికో రాసే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్కులు కూడా ఈ ఎంజైమును అడ్డుకుంటాయి. గుండె డాక్టరు రాసినది గొంతు డాక్టరుకు తెలియదు, మనం చెబితే తప్ప. కనుక ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా వేసుకునే మందులన్నింటి జాబితా చూపించండి. అటువంటి పండ్లు తినే అలవాటు ఉంటే అదీ చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది చదివి భయపడి మాత్రను సొంతంగా మానవద్దు. పండు మానితే నష్టం లేదు, మాత్ర మానితే గుండెకు ముప్పు. ఆ పండు మీద అంత ఇష్టముంటే, దానితో పేచీ లేని మాత్రకు మార్చమని డాక్టరునే అడగవచ్చు.

నమ్మకం మీదనో, భయం మీదనో నిర్ణయం చేయక, విడదీసి చూసి, పక్కనున్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుని నిజం తేల్చుకోవడం షెవ్రెల్ మనకు నేర్పిన విద్య. పుస్తకాల ద్వారా ఆయన పరిచయం కలిగిన తరువాత నాకు మాత్రను మంచినీళ్లతోనే వేసుకోవడం ఒక నియమమైంది. మంచినీళ్లతోనే నూరేళ్లు దాటిన ఆ పెద్దాయన ఆరోగ్యమూ, నేర్చుకోవాలన్న ఆయన తపనా మన సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ లభించాలని కోరుకుంటున్నాను.